వలపట పళ్ళ టైరు, దాపట గీతల టైరు

టైరుకు పళ్ళుంటాయని మా తాతకు చెప్పింది నేనే. ఆ ఒక్క మాట నోట్లోనే మింగేసి ఉంటే ఆ వానాకాలం మా ఇంట్లో జరిగిన రభసలో ముప్పాతిక భాగం జరిగేదే కాదు. కానీ అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. బాగేపల్లిలో మిలిటరీ నుంచి వచ్చేసిన ఒక డ్రైవరు కాళ్ళావేళ్ళా పడి బండి తోలడం నేర్చుకున్నాను. చుట్టుపక్కల పది పల్లెల్లో స్టీరింగు పట్టుకున్న రైతుబిడ్డను నేనొక్కణ్ణే. అట్లాంటివాడు తెలిసిన మాట కడుపులో దాచుకుంటాడా? నేను తెలియనివే దాచుకునేవాణ్ణి కాదు.

మాది కన్నడ సీమలో సోమేనహళ్ళి నుంచి రెండు మైళ్ళు లోపలికి పోతే వచ్చే తెలుగు పల్లె. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న జీపుల్లో ఒకటి నలుగురి చేతులు మారి చివరికి మా నాయన దగ్గరికి వచ్చింది. స్టీరింగు ఎడమ పక్క, తలుపులు లేవు, పైన చిల్లుల టార్పాలిను. కొన్నది నాయనే గానీ, ఎక్కితే కడుపులో తిప్పుతుందని ఆయన దాని దరిదాపులకు వచ్చేవాడు కాదు. పెత్తనమంతా తాతది. తాత దాన్ని ఏనాడూ జీపు అనలేదు, గొడ్డు అనేవాడు. సాయంత్రం పొలం నుంచి వచ్చి బానెట్టు మీద రెండుసార్లు తట్టి, "మేత ఏసినావారా దీనికి?" అని నన్నడిగేవాడు. మేత అంటే పెట్రోలు.

తాత ఎద్దుల మనిషి. ఏ పశువుల పరసకు పోయినా ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పాడంటే అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ నోరు మూసుకోవలసిందే. రెండు పళ్ళు వేసిందా, నాలుగా, ఆరా, కడపళ్ళు కూడా వచ్చేసి ముసలితనంలో పడిందా, అన్నీ ఒక్క చూపులో చెప్పేసేవాడు. మొహమాటం అనేది లేదు. సొంత అల్లుడు అమ్మకానికి తెచ్చిన ఎద్దునే పదిమందిలో నోరు తెరిచి చూసి, "ఇది ముసిల్ది, పళ్ళు అరిగిపోయినాయి" అని చెప్పేశాడు. దాంతో ఆరు నెలలు కూతురి గడప తొక్కడానికి లేకుండా పోయింది. అయినా పళ్ళ విషయంలో అబద్ధమాడితే నోట్లో పురుగులు పడతాయనేవాడు.

ఆ వానల్లో బట్లహళ్ళి నుంచి కబురు వచ్చింది. మా అవ్వ చెల్లెలు, అంటే నాకు చిన్నవ్వ, మంచం పట్టిందనీ, అక్కను ఒకసారి చూడాలంటోందనీ. వాళ్ళిద్దరూ చూసుకుని అయిదేళ్ళు దాటింది. అవ్వ రెండేళ్ళ కిందట గొడ్లను కట్టేసే గాడిపాడు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బస్సు మెట్టు ఎక్కలేదు. ఎద్దుల బండిలో అంత దూరమంటే రెండు రోజుల కుదుపు, ప్రాణం పోతుంది. మిగిలింది జీపు. జీపుకేమో టైర్లు గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉన్నాయి. అంతకు వారం ముందే ఊరి వంకలో దిగబడితే రెండు జతల ఎద్దులు కట్టి ఈడ్పించాం. ఎద్దుల చేత ఈడ్పించుకున్న జీపు తోలేవాడని ఊరంతా నన్ను చూసి నవ్వింది.

అవ్వ ఆ మధ్యాహ్నమే మూట కట్టేసింది. రెండు చీరలు, వక్కాకుల సంచి, చెల్లెలికిష్టమని చేసిన చెనక్కాయల ఉండలు. చిన్నవ్వకు పళ్ళు లేవు కదా అంటే, "చప్పరిస్తాది లేరా, నీకేమిటికి?" అని కసిరింది. పొద్దున్నే మూట ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

అప్పుడే నా తెలివి ప్రదర్శించాను. టైర్లలో రెండు రకాలుంటాయని తాతకు చెప్పాను. ఒకటి పళ్ళ టైరు, మిలిటరీవాళ్ళది. బురదను కరుచుకుని పట్టుకుంటుంది, కానీ తారు మీద గొణుగుతుంది, ఒళ్ళంతా అదరగొడుతుంది, తొందరగా అరిగిపోతుంది. రెండోది గీతల టైరు. తారు మీద నున్నగా పోతుంది, బురద కనిపిస్తే జారిపోతుంది. మనకేమో ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా బురద, అక్కణ్ణుంచి చిక్కబళ్ళాపురం మీదుగా చింతామణి దాకా మంచి రోడ్డు, మళ్ళీ బట్లహళ్ళి దాకా బురద. ఏది వేయించాలో ఆలోచించాలి అన్నాను.

తాతకు తతిమ్మా ఏదీ చెవికెక్కలేదు. "పళ్ళుంటాయా? ఎన్ని పళ్ళు?" అన్నాడు. ఆయన కళ్ళల్లో వెలుగు వచ్చింది.

మరునాడు బస్సులో బాగేపల్లి పోయాం. అక్కడ ఒకతని దగ్గర పళ్ళ టైరు ఒకటి ఉంది. తాత దాని ముందు గొంతుక్కూర్చుని, బొటనవేలితో ఒక్కొక్క పన్ను తడిమి, వాసన చూసి లేచాడు. "ఇది కట్టుడు పళ్ళ ముసిల్ది. పా" అన్నాడు. పాత టైరుకు కొత్త రబ్బరు అతికించిన సరుకని అంగడివాడే తరవాత ఒప్పుకున్నాడు. ఆ ఒక్క గెలుపుతో తాతను ఇక పట్టడానికి లేకపోయింది. ఒకరోజు విడిచి చింతామణి పోయాం. అక్కడివి తాతకు నచ్చలేదు, చూపు చురుకుగా లేదట. టైరుకు చూపేమిటి తాతా అంటే, "నీకు తెలీదులే" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అవ్వ అరుగు మీదే ఉంది. "దొరికినాయా?" అంది.

"మంచి జత అగపడలే."

"నీకు జత దొరికేకొద్దికి అది ఉంటాదా?" అంది అవ్వ. ఆ సాయంత్రమే రెండో కబురు. చిన్నవ్వ గంజి కూడా సరిగా తాగడం లేదట. అవ్వ మూట లోపల పెట్టమంటే పెట్టనివ్వలేదు, తల కింద పెట్టుకుని పడుకుంది. నాకు తాత మీద ఒళ్ళు మండిపోయింది. కానీ మా ఇంట్లో తాతకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. నేను మొదటివాణ్ణి కాదలుచుకోలేదు.

మూడో తడవ చిక్కబళ్ళాపురం. ఎలాగైనా ఈ పొద్దు టైర్లు వేయించుకునే తిరిగి రావాలని జీపులోనే పోయాం. ఎక్కడా దిగబడకుండా ఎలా పోయామో ఆ దేవుడికే తెలియాలి. అంగడి శెట్టి తెలుగాయన, పెద్ద మనిషి, నెమ్మదస్తుడు. నాలుగు పళ్ళ టైర్లు వరసగా గోడకు ఆనించి పెట్టాడు. కొత్తవి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. తాత పంచె పైకి ఎగ్గట్టి, ఒక్కో టైరు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పళ్ళు తడిమాడు. తృప్తిగానే ఉన్నట్టున్నాడు. తరవాత పక్కల మీద పడ్డాడు.

"శెట్టీ, ఇదేంది, ఈడ సుడి ఉండాది?"

ఎద్దు ఒంటి మీద వెంట్రుకలు తిరిగే చోటును సుడి అంటారు. చెడ్డ చోట సుడి ఉన్న ఎద్దును మావాళ్ళు ఊరికే ఇచ్చినా తోలుకురారు. ఇక్కడ తాత చూపించింది అచ్చులో పోసినప్పుడు రబ్బరు మీద పడిన గుండ్రటి గుర్తు.

"అది కంపెనీ గుర్తప్పా" అన్నాడు శెట్టి.

"కంపెనీ ఇంట్లో పెట్టుకోమను. ఈ రెండూ నాకొద్దు. సుడి నేల తట్టు చూస్తాండాది, కొంప ముంచుతాది."

నాలుగు టైర్లకూ ఆ గుర్తు ఉంది. గోడకు ఆనించిన తీరును బట్టి రెండింటికి అది పైకి వచ్చింది, రెండింటికి కిందికి పోయింది. శెట్టి ఆ రెండింటినీ తిప్పి పెట్టి చూపించినా తాత ఒప్పుకోలేదు. మొదట ఎట్లా కనిపించిందో అదే లెక్క అట. మిగతా రెండింటికి ఇంకో పరీక్ష పెట్టాడు.

"నడిపించి చూపు."

శెట్టి నా వైపు చూశాడు. నేను బోర్డు చదువుతున్నట్టు తల పైకెత్తాను. పాపం ఆయన గుమాస్తాను పిలిచి టైరును వీధిలో దొర్లించమన్నాడు. తాత నడుం మీద చెయ్యి పెట్టుకుని దాని నడక చూశాడు. "మళ్ళీ" అన్నాడు. మూడోసారికి వీధిలో జనం చేరారు. నాలుగోసారి గుమాస్తా చేతిలోంచి జారిన టైరు బస్టాండు వైపు పరుగెత్తింది. "నడక బాగుండాది, ఎక్కడా తడబడలే!" అని తాత సంబరపడిపోయాడు. గుమాస్తా దాని వెంట, జనం గుమాస్తా వెంట. నాకు భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది.

బేరం కూడా పరస పద్ధతిలోనే. తాత భుజం మీది తువ్వాలు తీసి శెట్టి చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకున్నాడు. అంగట్లో మేం ముగ్గురం తప్ప ఇంకొకరు లేరు, ఎవరికి కనపడకూడదో మరి. శెట్టికి చక్కిలిగింతలు ఎక్కువేమో, కిసుక్కున నవ్వి చెయ్యి లాక్కున్నాడు. "అప్పా, మీరు నోటితో చెప్పండి, నేను ఒప్పుకుంటా" అన్నాడు. అంతటి బేరం తాత తన జన్మలో గెలవలేదు.

మొత్తానికి రెండు పళ్ళ టైర్లు, చాలక రెండు గీతల టైర్లు. నా మనసు కాస్త కుదుటపడింది. పళ్ళవి వెనక, గీతలవి ముందర వేస్తే మన ప్రయాణానికి అంతకంటే మంచిది లేదు. శెట్టి కూడా అదే చెప్పాడు. తాత పడీపడీ నవ్వాడు.

"పొగరుబోతులు రెండింటినీ ఒకే కాడికి కడతారా ఎవురన్నా? కాడి ఇరగదా? వలపట గట్టిది, దాపట సాధువు. అదీ జత."

వలపట అంటే కాడికి కుడి పక్క, దాపట అంటే ఎడమ పక్క. కుడి పక్క ముందరా వెనకా పళ్ళ టైర్లు, ఎడమ పక్క ముందరా వెనకా గీతలవి. పైగా స్టీరింగు ఎడమ పక్క కాబట్టి తోలేవాడి పక్కన సాధువు ఉంటే మంచిదని ఇంకో కారణం కూడా చూపించాడు. శెట్టి దండం పెట్టేశాడు. మెకానిక్కు ముక్కున వేలేసుకున్నాడు. నేను? నేను అంతా తెలిసినవాణ్ణి, కిమ్మనకుండా నట్లు బిగించాను. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మరునాడు తెల్లవారాక బయలుదేరాం. తాత జీపుకు పసుపు కుంకుమ పెట్టి నాలుగు టైర్లకూ దిష్టి తీశాడు. అవ్వను కుర్చీతో సహా ఎత్తి వెనక సీటులో కూర్చోబెట్టాం. పళ్ళ టైరు గీతల టైరు కంటే వేలెడు ఎత్తు. అందుకని జీపు ఎడమకు ఒరిగి, తారు మీద కూడా ఎడమకే లాగుతోంది. స్టీరింగును నేను కుడికి లాగుతూ, అది ఎడమకు లాగుతూ, ఇద్దరం దారి పొడుగునా కుస్తీ పట్టాం. ఎడమ పక్కకు చీలే ప్రతి బండిదారిలోకీ దూరాలని చూసింది. కుడి పక్క పళ్ళు జుంయ్‌మని ఒకటే రొద. అవ్వ జారి జారి ఎడమ మూలకు చేరేది, కమ్మీ పట్టుకుని మళ్ళీ కుడికి వచ్చేది.

"ఏమప్పా, ఇదేంది ఇట్ల పోతాండాది?" అంది.

"కొత్త జత. కాడికి అలవాటు పడాల గదా" అన్నాడు తాత, ముందర సీటులో కదలకుండా కూర్చుని.

చింతామణిలో పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు. వంకర టింకరగా వస్తున్న జీపును దూరం నుంచే చూసినట్టున్నాడు. "ఏనప్పా, కుడిదు ఓడిస్తిద్దీయా?" అన్నాడు కన్నడంలో. తాగి తోలుతున్నావా అని. తాతకు కన్నడం నాకంటే బాగా వచ్చు. కానీ ఆ పళ్ళ రొదకు చెవులు మొద్దుబారి, కుడి అన్న ఒక్క ముక్కే వినిపించింది.

"కుడికి కాదు సామీ, ఎడమకే లాగుతాండాది" అన్నాడు.

పోలీసాయన తాతనూ నన్నూ మార్చి మార్చి చూసి, నన్ను నోరు ఊదమన్నాడు. ఊదాను. అవ్వ వెనక నుంచి తల బయట పెట్టి, "వాడు తాగలేదు నాయనా, టైర్లు తాగినాయి. మమ్మల్ని ఇడిసిపెట్టు, ఆడ నా చెల్లెలు పానాలు పట్టుకోని ఉండాది" అంది. ఆయన చెయ్యి తీసేశాడు.

బట్లహళ్ళి ఇంకో మైలుందనగా బురద దారిలో అసలు సంగతి బయటపడింది. రాత్రి పడిన వానకు దారి ముద్దగా ఉంది. కుడి పక్క టైర్లు బురదను కరుచుకున్నాయి, ఎడమ పక్కవి జారాయి. నేను ఏం చేస్తున్నానో నాకే తెలిసేలోపల జీపు నిదానంగా, మర్యాదగా, చుట్టూ తిరిగి చింతామణి వైపు ముఖం పెట్టి నిలబడింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. మూడోసారి దిగబడింది.

అప్పుడు అవ్వ ఏడ్చింది. అంతకుముందు తుంటి విరిగినప్పుడు కూడా ఆమె ఏడవడం నేను చూడలేదు.

"వారం దినాలు పళ్ళు చూసినావు. నా చెల్లెలు పోయినాక ఈ పళ్ళతో ఏం చేసుకుంటావు? నువ్వే పెట్టుకో నోట్లో!"

తాత ముఖం వాడిపోయింది. దిగి, బురదలో నాలుగడుగులు పోయి, జీపు కేసి చూస్తూ నిలబడ్డాడు. తరవాత నా పక్కకు వచ్చాడు.

"ఒరే, నిజం చెప్పు. ఇది తప్పని నీకు ముందే తెలుసు గదా?"

"తెలుసు తాతా."

"మరి చెప్పలేదేమిరా?"

"నువ్వు తాతవు కదా" అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ జవాబు నేనెప్పుడూ చెప్పలేదు.

ఆయన తిట్టలేదు. "ఎద్దుల కాడ నేను చెప్తా, నువ్వు ఇను. దీని కాడ నువ్వు చెప్పు, నేను ఇంటా" అని తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. నేను జాకీ తీశాను. ముందర కుడి పక్క పళ్ళ టైరు ఊడదీసి వెనక ఎడమకు, అక్కడి గీతల టైరు తెచ్చి ముందరికి. జాకీ బురదలో కుంగిపోతుంటే ఆయనే రాళ్ళు ఏరుకొచ్చి కింద పెట్టాడు. డెబ్భై దాటిన మనిషి మోకాళ్ళ మీద బురదలో కూర్చుని, నేను అడిగిన నట్టల్లా అందించాడు. నాకు సిగ్గేసింది. అరగంట తరవాత జీపు ఒక్క గేరులో తిన్నగా బట్లహళ్ళి చేరింది.

చిన్నవ్వ ఉంది. చీర కింద ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు, కానీ ఉంది. అవ్వను ఎత్తుకుపోయి మంచం మీద పక్కనే కూర్చోబెట్టాం.

"ఇన్ని దినాలేందే అక్కా? పోయేదాన్ని నీకోసరం ఆపుకోని ఉండా" అంది చిన్నవ్వ.

"మీ బావ టైర్లకు పళ్ళు చూస్తా ఉన్న్యాడే" అని అవ్వ మొదటినుంచీ చెప్పింది. నడక, సుడి, తువ్వాలు, పోలీసాయన, బురదలో మా ప్రదక్షిణలు. చెబుతూ చెబుతూ తనే ముందు నవ్వింది. చిన్నవ్వకు నవ్వేందుకు కూడా ఊపిరి లేదు, అయినా నవ్వింది. పళ్ళు లేవనుకున్న నోట్లో ఒక్కటే పన్ను మిగిలి ఉంది.

తాత గడప దగ్గరే బురద కాళ్ళతో నిలబడి ఉన్నాడు.

"బావా, ఇట్ల రా. లోకంలో ఎద్దులన్నిటి నోర్లూ చూసినావు. నాది గూడా చూసి చెప్పు, ఇంకెన్ని దినాలు?" అని చిన్నవ్వ నోరు తెరిచింది.

నాకు భయమేసింది. సొంత అల్లుడి ముఖం మీద చెప్పిన మనిషి ఈయన. తాత వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. చెయ్యి పంచెకు తుడుచుకుని, ఆమె గడ్డం పట్టుకుని, ముఖం వాకిలి వెలుతురుకు తిప్పి, చాలాసేపు చూశాడు.

"ఆరు పళ్ళు. కడపళ్ళు ఇంకా ఏయనే లేదు. ఇది శానా ఏండ్లు సేద్యం చేస్తాది" అన్నాడు.

"థూ, అబద్ధాలకోరు! ఈ అబద్ధం చెప్పేదానికా ఇంత దూరం వచ్చింది?"

"ఆ, దానికే. ఊరికే వచ్చినానా? కొత్త టైర్లు ఏయించుకోని వచ్చినా."

అవ్వ మూట విప్పి చెనక్కాయల ఉండ కొంచెం విరిచి చెల్లెలి నోట్లో పెట్టింది. చిన్నవ్వ దాన్ని అరగంట చప్పరించింది.

అవ్వను అక్కడే వదిలి మేమిద్దరం తిరిగి వచ్చాం. తొమ్మిదో నాడు చిన్నవ్వ పోయిందని కబురు వస్తే మళ్ళీ బయలుదేరాం. ఆ రోజు జీపు ఎటూ లాగలేదు, ఎక్కడా దిగబడలేదు. తాత మాత్రం దారి పొడుగునా, "నిదానంగా పోనీరా, నిదానంగా" అంటూనే ఉన్నాడు.